రాత్రి రెండున్నరకి ఫెయిల్, పొద్దున్న తొమ్మిదికి పాస్. ఏటి చెయ్యాలి?

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | సోమవారం ఉదయం 9:52

అందరికీ నమస్కారం. వారం నుంచి ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ టెస్టు నన్ను నిద్రపోనివ్వట్లేదు. చెప్పుకుందామంటే ఆఫీసులో టెస్టర్ని నేనొక్కణ్నే, అందుకే ఇక్కడికొచ్చా.

మాది చిన్న ప్రొడక్టు. పలాస వైపు జీడి వ్యాపారులు వాడుకునే బిల్లింగ్ వెబ్‌సైటు. పిక్కల దిగుమతి రాసుకోవడం, పప్పు గ్రేడు వారీగా బిల్లు వెయ్యడం, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోవడం. స్క్రీన్లన్నీ తెలుగులోనే. బ్రౌజర్‌ని మనిషిలా నడిపించే సెలీనియం అనే టూల్, జావాతో యాభై దాకా స్క్రీన్ టెస్టులు రాశాను. చెప్పిన టైముకి పనులు చేసే జెంకిన్స్ అనే టూల్ రోజూ రాత్రి రెండున్నరకి వాటిని నడుపుతుంది. నడిచేది లినక్స్ కంటైనర్లో (కంప్యూటర్ లోపల విడిగా కట్టుకున్న చిన్న కంప్యూటర్ లాంటిది), తెర మీద కనపడకుండా నడిచే హెడ్‌లెస్ క్రోమ్‌లో.

గొడవ పెడుతున్న టెస్టు ఇది. కొత్త బిల్లు తెరుస్తుంది, 80 కిలోల బస్తాలు పది వేస్తుంది, సేవ్ నొక్కుతుంది, "ఈ రోజు బిల్లులు" ట్యాబుకి వెళ్లి ఇప్పుడు వేసిన బిల్లు నంబరు అక్కడుందా అని చూస్తుంది. అంతే. రాత్రి ఇదొక్కటే ఎర్రగా ఉంటుంది. పొద్దున్న నేను కాఫీ తాగి అదే బిల్డు (యాప్ వెర్షన్) మీద, అదే కంటైనర్లో మళ్లీ నడిపితే పచ్చగా ఉంటుంది.

ఎర్రర్ ఎప్పుడూ ఒకటే: టైమవుట్, ఎలిమెంట్ (పేజీలో వెతుకుతున్న ముక్క) దొరకలేదు. వెయిట్ 10 సెకన్లుండేది, 30 చేశా, తర్వాత 60 చేశా. ఇప్పుడు 60 సెకన్లు ఆగి మరీ ఫెయిలవుతోంది.

మా డెవలపర్‌ని అడిగితే "మీ స్క్రీన్ టెస్టులంతే బ్రో, వాటి మూడ్ వాటిది" అన్నాడు.

బ్యాక్‌స్పేస్ | హైదరాబాద్, సొంతూరు టెక్కలి | సోమవారం 10:05

సెలీనియం వదిలేసి ప్లేరైట్ అనే టూల్‌కి మారిపో. సమస్య క్లోజ్.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం 10:31

బ్యాక్‌స్పేస్ తమ్ముడూ, కాలు బెణికిందంటే బండి మార్చమన్నట్టుంది నీ సలహా.

నాగావళి గట్టు గారూ, ముందు నాలుగు సంగతులు చెప్పండి. ఫెయిలైన క్షణంలో స్క్రీన్‌షాట్ తీస్తున్నారా? ఇంప్లిసిట్ వెయిట్ (అన్నిటికీ కలిపి ఒకేసారి పెట్టేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఫలానాదాని కోసం అని చెప్పి ఆగేది) రెండూ కలిపి వాడుతున్నారా? (కలపొద్దని సెలీనియం డాక్యుమెంట్లలోనే రాసుంది. కలిపితే ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.) రాత్రి ఆ టైములో డేటాబేస్ బ్యాకప్ లాంటిదేదైనా నడుస్తోందా? వారంలో ఒక్క రాత్రైనా పాసైందా?

చివరిదానికి జవాబు ముఖ్యం.

బొబ్బిలి_మావయ్య | బొబ్బిలి | సోమవారం 10:48

బాబూ, సేవ్ నొక్కినాక ఒక ఐదు సెకన్లు స్లీప్ పెట్టీ. ఇరవయ్యేళ్ల బట్టి మేం చేసింది అదే.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం 10:55

మావయ్యగారూ, మీమీద గౌరవంతోనే అంటున్నా, ఆ ఐదు సెకన్లే ఈ వృత్తికి పట్టిన చీడ. యాభై టెస్టుల్లో తలా ఒక ఐదు సెకన్లంటే 250 సెకన్లు, ఊరికే కూర్చోవడానికే నాలుగు నిమిషాల పైన. అవతల పేజీ అర సెకనులో సిద్ధమైనా మనం ఐదూ కూర్చుంటాం, ఆరు సెకన్లు పట్టిన రోజున మళ్లీ ఫెయిలే. ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ అలా కాదు. అర సెకనుకోసారి తొంగి చూస్తుంది, కావలసింది కనిపించగానే కదిలిపోతుంది. గుమ్మంలో నిలబడి ఆటో వచ్చిందా అని చూడడానికీ, గంట సేపు పడుకుని లేచి చూడడానికీ ఉన్నంత తేడా.

ఇక్కడ ఆయన 60 సెకన్లు ఆగినా రావట్లేదు. రానిదాని కోసం ఎంతసేపు ఆగితే ఏం లాభం?

బొబ్బిలి_మావయ్య | బొబ్బిలి | సోమవారం 11:02

సరేనమ్మా, ఓడిపోనాను. 😄

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | సోమవారం మధ్యాహ్నం 1:20

అక్కా, మీరడిగినవి: ఇంప్లిసిట్ వెయిట్ తీసేశా, మార్పు లేదు. బ్యాకప్ రాత్రి పదకొండుకే అయిపోతుంది. వారంలో ఒక్క రాత్రి కూడా పాసవలేదు, ఒక్క పొద్దున్న కూడా ఫెయిలవలేదు. స్క్రీన్‌షాట్ తీస్తున్నా గానీ చూసి ప్రయోజనం లేదు, కింద పెట్టా చూడండి. తెలుగంతా డబ్బాలే.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం 1:34

అయితే దాన్ని ఫ్లేకీ టెస్టు అనకండి. ఒకే కోడు మీద ఓసారి పాసై ఓసారి ఫెయిలై, ఎప్పుడు ఏమవుతుందో తెలియకుండా ఉండేదాన్ని ఫ్లేకీ అంటాం. మీది ఏడు రాత్రులూ ఫెయిల్, ఏడు పొద్దున్నలూ పాస్. గడియారం చూసుకుని ఫెయిలవుతున్నట్టుంది.

ముందు ఆ డబ్బాల సంగతి తేల్చండి. కంటైనర్లో తెలుగు ఫాంట్ లేదు. మీ లినక్స్ డెబియన్ గానీ ఉబుంటు గానీ అయితే నోటో ఫాంట్ల కోర్ ప్యాకేజీ వేసి కంటైనర్ ఇమేజ్ మళ్లీ కట్టండి, నోటో శాన్స్ తెలుగు అందులో వస్తుంది. డబ్బాలు పోయాక ఆ స్క్రీన్ మీద ఏముందో ఇక్కడ చదివి చెప్పండి. తెలుగు యాప్‌ని పరీక్షిస్తూ తెలుగు కనపడని కంటైనర్లో నడపడమేమిటి తమ్ముడూ! బటన్ మీద అక్షరాలు తెగిపోయినా, పక్క గడిలోకి పొంగినా ఈ డబ్బాల్లో ఏం తెలుస్తుంది?

రాజాం_కోడు | రాజాం | సోమవారం 2:10

ఫాంట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. నేను డెవలపర్ని, టెస్టర్ని కాదు. మా దగ్గర బటన్లని వాటి మీదున్న మాటతో పట్టుకునేవారు, "సేవ్ చేయి" అని ఎక్స్‌పాత్‌లో (పేజీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామా) రాసి. ఒకరోజు అనువాదం చేసే ఆవిడ ఫైలు మార్చారు. బటన్ మీద అదే "సేవ్ చేయి", కళ్లు చికిలించి చూసినా అదే. టెస్టు మాత్రం దొరకలేదంటుంది. రెండు గంటలు కొట్టుకున్నాం.

ఆవిడ కీబోర్డు పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటి పెడుతోంది. జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాల నంబర్ల పట్టిక) 200సి. "సేవ్" అంటే స, ఏత్వం, వ, పొల్లు, మొత్తం నాలుగు. ఆవిడ "సేవ్"లో ఐదు. పొల్లు తర్వాత ఖాళీ ఉంటే ఆ ఐదోది ఉన్నా లేకపోయినా కంటికి ఒకటే. అదే "ఆన్‌లైన్" లాంటి మాట మధ్యలో ఐతే అది ఉండాల్సిందే, లేకపోతే ల వెళ్లి న కింద వత్తుగా కూర్చుంటుంది. కాబట్టి అన్నిచోట్లా తీసిపారేద్దామన్నా కుదరదు. ఎక్స్‌పాత్‌లో నార్మలైజ్ స్పేస్ పెడితే పోతుందనుకున్నాం, పోలేదు. అది మామూలు ఖాళీలనీ, ట్యాబులనీ, లైను విరుపులనీ మాత్రమే సర్దుతుంది.

ఐత్వంతో కూడా జాగ్రత్త. ఒకే అక్షరంగానూ ఉండొచ్చు, ఎత్వం, కింద వచ్చే గుర్తు అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. చూడ్డానికి ఒకటే, పోల్చితే వేరు. పోల్చే ముందు రెండు వైపులా యూనికోడ్ నార్మలైజ్ చేసుకోండి, అంటే ఒకే రూపంలోకి తెచ్చుకోండి.

ఎచ్చెర్ల_ఫైనలియర్ | ఎచ్చెర్ల | సోమవారం 2:26

అన్నా, మరి మాటతో పట్టుకోకపోతే దేనితో పట్టుకోవాలి? మా ప్రాజెక్టులో బ్రౌజర్లో రైట్ క్లిక్ కొట్టి ఫుల్ ఎక్స్‌పాత్ కాపీ చేస్తున్నాం.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం 2:50

వద్దమ్మా. ఫుల్ ఎక్స్‌పాత్ అంటే "వీధి చివర్నుంచి మూడో సందు, ఐదో ఇల్లు, రెండో తలుపు" అని చిరునామా రాసుకోవడం. మధ్యలో ఎవరో ఒక పాక వేశారంటే మీ ఉత్తరం పక్కింటికి పోతుంది. డెవలపర్ని బతిమాలి ప్రతి ముఖ్యమైన బటన్‌కీ డేటా టెస్ట్ ఐడీ (టెస్టుల కోసమే పెట్టే, తెర మీద కనపడని పేరు) ఒకటి పెట్టించుకోండి. డిజైన్ మారినా, భాష మారినా అది మారదు. అలాగని అన్నీ ఐడీలతోనే పట్టుకోకండి. బటన్ మీద మాట తప్పుగా ఉంటే వాడేవాడికి అదీ బగ్గే, దాన్ని చూడ్డానికి కొన్ని టెస్టులు మాటతోనే ఉండాలి.

వరస నంబరుతో పట్టుకోవడం ఇంకా ప్రమాదం. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. అప్పుడు నేను చేస్తున్న యాప్‌లో చిరునామా ఫారం టెస్టు జిల్లాని జాబితాలో ఎన్నోదో చెప్పి ఎంచుకునేది. డెవలపర్లు కొత్త జాబితా పెట్టారు. ఆ స్థానంలోకి వేరే జిల్లా వచ్చి కూర్చుంది. ఫారం నిక్షేపంగా సేవైంది, టెస్టు పాసైంది. పాసైందని ఎవరూ తిరిగి చూళ్లేదు. రోజూ తప్పు జిల్లా ఎంచుకుంటూ రోజూ పచ్చగా ఉండేది. ఫెయిలయ్యే టెస్టు కన్నా అలాంటిదంటేనే నాకు భయం.

ఇంకో టెస్టు మాత్రం అదే రోజు ఎర్రగా అరిచింది. జిల్లా శ్రీకాకుళం, మండలం రాజాం అని అందులో పేర్లతో రాసుంది. శ్రీకాకుళం కింద రాజాం లేదు, బగ్ అని రాసేశాం. తీరా చూస్తే రాజాం మా జిల్లాలోకి వచ్చేసింది.

రాజాం_కోడు | రాజాం | సోమవారం 2:58

మేం ఎక్కడికీ రాలేదక్కా, ఉన్నచోటే ఉన్నాం. జిల్లాయే వచ్చి మామీద పడింది. 😂

బ్యాక్‌స్పేస్ | హైదరాబాద్, సొంతూరు టెక్కలి | సోమవారం సాయంత్రం 4:15

బండి మార్చమన్నందుకు తిట్టారు, సరే. కానీ నేను ఊరికే అనలేదు. ప్లేరైట్ క్లిక్ చేసేముందు తనంతట తనే చూసుకుంటుంది: బటన్ కనపడుతోందా, ఎనేబుల్ అయిందా, కదలకుండా నిలబడిందా (వరసగా రెండు ఫ్రేముల్లో ఒకేచోట ఉందా), పైన వేరేదేదైనా అడ్డుందా అని. స్లీపు, వెయిటు గోల సగం తగ్గుతుంది. ట్రేస్ వ్యూయర్లో ప్రతి అడుగుకీ ముందూ వెనకా స్క్రీన్, నెట్‌వర్క్‌లో ఏం పోయిందీ ఏం వచ్చిందీ అన్నీ వెనక్కి తిప్పి చూడొచ్చు. అది ఉండుంటే గట్టు భాయ్ ఈపాటికి తేల్చేసేవాడు.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం 4:40

ట్రేస్ విషయంలో నీతో ఏకీభవిస్తా. కొత్తగా మొదలెట్టేవాళ్లయితే నేనూ అదే చెప్తా. కానీ ఉన్న యాభై టెస్టులూ తిరగరాయమనడం వేరే మాట.

ఎచ్చెర్ల_ఫైనలియర్ | ఎచ్చెర్ల | సోమవారం 5:02

సెలీనియం అని పేరెందుకు పెట్టారో ఎవరికైనా తెలుసా? మా సార్ "అదో మూలకం" అని వదిలేశారు.

బొబ్బిలి_మావయ్య | బొబ్బిలి | సోమవారం 5:30

ఇది నేను చెప్పాలి, మిగతావోళ్లు అప్పటికి పుట్టీసుండరు. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన తయారుచేశాడు. అప్పట్లో టెస్టింగ్ టూల్స్ అంటే మెర్క్యురీ అనే కంపెనీదే రాజ్యం. విన్‌రన్నర్, క్యూటీపీ వాళ్లవే. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని వేళాకోళంగా ఆ పేరు పెట్టీసినారు. 2006లో ఆ మెర్క్యురీని హెచ్‌పీ కొనుక్కుంది. నేను క్యూటీపీతోనే జుట్టు ఊడగొట్టుకున్నాను. లైసెన్సు మెషీన్లు రెండే ఉండేవి, రేషన్ షాపులో నిలబడినట్టు లైన్లో నిలబడీవోళ్లం.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | మంగళవారం ఉదయం 8:15

ఫాంట్ వేశా. రాత్రి ఫెయిలైన స్క్రీన్‌షాట్‌లో ఇప్పుడు తెలుగు చక్కగా కనపడుతోంది. ఏముందో తెలుసా? "ఈ రోజు బిల్లులు లేవు."

అంటే పేజీ ఆలస్యం కాలేదు. వెంటనే వచ్చింది, ఖాళీగా వచ్చింది. నేను పిచ్చివాడిలా దానిముందు 60 సెకన్లు నిలబెట్టాను.

ఇంకో చిత్రం. పైన మూల "బిల్లు సేవ్ అయింది" అని పచ్చ పట్టీ కూడా ఉంది. సేవ్ అయింది, జాబితాలో లేదు!

మూడులాంతర్లు | విజయనగరం | మంగళవారం 8:29

ఇప్పుడు దారిలో పడ్డాం. ఈ రాత్రి ఆ ఒక్క టెస్టుని గంటకోసారి నడిపేలా పెట్టండి, పదకొండు నుంచి పొద్దున్న ఏడుదాకా. ఎన్నింటికి ఎరుపు మొదలవుతుందో, ఎన్నింటికి ఆగుతుందో చూద్దాం.

కాశీబుగ్గ_కుర్రోడు | పలాస కాశీబుగ్గ | మంగళవారం రాత్రి 9:40

అన్నా, నాకు టెస్టింగంటే ఏటో తెల్దు. జీడి బిల్లింగ్ అని ఉంటే చదివాను. మాది జీడి బట్టీయే. మా నాన్న ఒక సైటులో బిల్లులేస్తాడు, మీదో కాదో తెల్దు. పిక్కల లారీ తెల్లారగట్ల మూడుకో నాలుగుకో వచ్చీస్తాది. అప్పుడే బిల్లేస్తే జాబితాలో కనబడదు. లేదనుకొని మా నాన్న ఇంకోటి ఏసీస్తాడు. సాయంత్రం లెక్క చూస్తే రెండుంటాయి, రెండూ నిన్నటి తేదీ మీద. ఫోన్ చేసి చెప్పినాం, "రిఫ్రెష్ కొట్టండి" అన్నారు. ఇప్పుడు మా నాన్న ఆరు దాటితే గాని బిల్లు ముట్టుకోడు. చీటీ మీద రాసుకుంటాడు.

మీ టెస్టు కూడా రాత్రే ఫెయిలంటే చెప్పాలనిపించింది.

మూడులాంతర్లు | విజయనగరం | మంగళవారం 9:47

నాన్నా కాశీబుగ్గా, టెస్టింగంటే ఏటో తెలీదంటూనే మా అందరికన్నా మంచి బగ్ రిపోర్టు రాశావు. ఎప్పుడు, ఏం చేస్తే, ఏం కనపడింది, ఏం కనపడాలి, అన్నీ ఉన్నాయి.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | బుధవారం ఉదయం 7:20

రాత్రంతా నడిపాను. పదకొండుకి పాస్. పన్నెండు దాటాక అన్నీ ఫెయిల్: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరుకి పాస్. ఏడుకీ పాస్.

రాజాం_కోడు | రాజాం | బుధవారం 7:34

పన్నెండు నుంచి ఐదుకీ ఆరుకీ మధ్య దాకా. అంటే ఐదున్నర! మన టైము యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) కన్నా ఐదున్నర గంటలు ముందు. రాత్రి పన్నెండుకి మనకి తేదీ మారుతుంది, యూటీసీకి మారేది మన ఐదున్నరకి. ఆ మధ్యలో యూటీసీ చూసుకునేవాడికి ఇంకా నిన్నే.

కంటైనర్ యూటీసీలో ఉండుంటుంది. టైమ్ జోన్ ఏషియా కోల్‌కతా పెట్టి చూడు.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | గురువారం ఉదయం 6:05

కంటైనర్ నిజంగానే యూటీసీలో ఉంది. కోల్‌కతా పెట్టాను. లోపలికెళ్లి డేట్ కొట్టి చూశా, మన టైమే చూపిస్తోంది. ఈ రాత్రి లేచి కూర్చుని మూడింటికి నేనే నడిపా.

మళ్లీ ఫెయిల్.

ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడినట్టుంది నా పని, ఏ దారి చూసినా ఒకేలా ఉంది.

మూడులాంతర్లు | విజయనగరం | గురువారం 6:40

తమ్ముడూ, టైమ్ జోన్ సరిచేసినా ఫెయిలయిందంటే మంచి వార్త. తప్పు నీ కంటైనర్‌ది కాదని తేలింది. పలాసలో వాళ్ల కంప్యూటర్లన్నీ మన టైములోనే ఉంటాయి కదా, అక్కడా ఇదే జరుగుతోంది. యాప్‌లో చూడాలి. సేవ్ నొక్కినప్పుడు బ్రౌజర్ సర్వర్‌కి ఏం తేదీ పంపుతోందో నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడు.

రాజాం_కోడు | రాజాం | గురువారం 7:02

ఆగండాగండి. మీ డెవలపర్ని ఒక్క మాట అడుగు. ఈ రోజు తేదీ కోసం జావాస్క్రిప్ట్‌లో టు ఐఎస్ఓ స్ట్రింగ్ (తేదీ, టైముని అక్షరాలుగా ఇచ్చే ఫంక్షన్) పిలిచి మొదటి పది అక్షరాలు కత్తిరిస్తున్నాడా?

ఆ ఫంక్షన్ కంప్యూటర్ ఏ టైమ్ జోన్లో ఉన్నా యూటీసీయే ఇస్తుంది. నువ్వు కంటైనర్‌ని కోల్‌కతాకి మార్చినా, అమలాపురానికి మార్చినా దానికి పట్టదు. అందుకే నీ ప్రయత్నం పనిచెయ్యలేదు.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | గురువారం మధ్యాహ్నం 12:45

దండాలు సార్. అక్షరాలా అదే లైను.

జరిగేది ఇది. తెల్లారగట్ల మూడుకి బిల్లు సేవ్ చేస్తే బ్రౌజర్ నిన్నటి తేదీ వేసి పంపుతోంది. సర్వర్ దాన్ని నమ్మి దాచుకుంటోంది. "ఈ రోజు బిల్లులు" అడిగితే సర్వర్ మాత్రం మన టైము ప్రకారం ఈ రోజువి వెతుకుతోంది. నిన్నటి తేదీ ఉన్న బిల్లు దాని కంటికి ఆనదు. పొద్దున్న తొమ్మిదికి రెండు తేదీలూ ఒకటే కాబట్టి అంతా బాగానే ఉంటుంది. మేము అందరం తొమ్మిది తర్వాతే పనిచేస్తాం కాబట్టి ఎవరికీ ఎప్పుడూ కనపడలేదు.

మా డెవలపర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏప్రిల్ ఒకటి" అన్నాడు. నాకర్థం కాలేదు. ఏప్రిల్ ఒకటి తెల్లారగట్ల వేసిన బిల్లులు మార్చి 31 తేదీతో కిందటి ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లుంటాయి. ప్రతి నెలా ఒకటో తారీకున వేసినవి కిందటి నెల జీఎస్టీ లెక్కలోకి పోయుంటాయి. ఇప్పుడు పాత బిల్లులన్నీ సర్వర్‌కి అందిన టైముతో పోల్చి చూస్తున్నారు.

కాశీబుగ్గ తమ్ముడు ప్రైవేటుగా మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాన్నగారు వాడేది మాదే. "రిఫ్రెష్ కొట్టండి" అన్నది కూడా మావాళ్లే.

రాజాం_కోడు | రాజాం | గురువారం 1:10

నేనెలా కనిపెట్టానని ఎవరూ పొగడక్కర్లేదు. నా కోడులో కూడా ఆ లైను నాలుగుచోట్ల ఉంది. ఇప్పుడే వెతుక్కున్నా. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతకడమంటే ఇదే.

సరిచేసేటప్పుడు ఒక మాట. ఏడాది, నెల, రోజు విడివిడిగా లోకల్ టైములో తీసి కలుపుకోండి. నెల సున్నా నుంచి మొదలవుతుంది, ఒకటి కలపడం మర్చిపోకండి. ఇంకా మంచిది, బిల్లు తేదీ బ్రౌజర్‌ని అడక్కుండా సర్వరే వేసుకోవడం. వ్యాపారి కంప్యూటర్లో గడియారమే తప్పుంటే?

బొబ్బిలి_మావయ్య | బొబ్బిలి | గురువారం 1:32

అలాగని తేదీ మార్చుకునే గడి తీసీకండి బాబూ. నిన్నటి సరుక్కి ఈరోజు బిల్లు రాసీవోళ్లు ఉంటారు.

ఎచ్చెర్ల_ఫైనలియర్ | ఎచ్చెర్ల | గురువారం 2:15

మరి ఈ బగ్ మళ్లీ రాకుండా టెస్టు ఎలా రాయాలి? రోజూ తెల్లారగట్ల నడపాలా?

బ్యాక్‌స్పేస్ | హైదరాబాద్, సొంతూరు టెక్కలి | గురువారం 2:30

అక్కర్లేదు. ప్లేరైట్‌లో (మళ్లీ తిట్టొద్దు) బ్రౌజర్ గడియారాన్నే కావలసిన టైముకి ఆపొచ్చు. సెలీనియంలో అయితే పేజీ స్క్రిప్టులు మొదలవక ముందే క్రోమ్ డెవ్‌టూల్స్ ద్వారా చిన్న స్క్రిప్టు ఎక్కించి డేట్‌ని మార్చాలి. అవుతుంది గానీ చేతి పని.

మూడులాంతర్లు | విజయనగరం | గురువారం 3:05

బ్రౌజర్ గడియారం మారిస్తే బ్రౌజర్‌దే మారుతుంది, సర్వర్‌ది మారదు. కాబట్టి గడియారాన్ని నాలుగున్నరకి ఆపి "ఈ రోజు బిల్లులు" జాబితా చూస్తే మళ్లీ గందరగోళమే. సేవ్ నొక్కినప్పుడు బయటికెళ్లే రిక్వెస్టులో తేదీ ఏముందో అది మాత్రం చూడండి. తేదీ సర్వరే వేసుకునేలా మార్చితే అదీ అక్కర్లేదు, పరీక్ష సర్వర్ వైపు రాసుకోవాలి.

అసలిది స్క్రీన్ టెస్టులో పట్టుకోవాల్సిన బగ్ కాదు. తేదీ తయారుచేసే ముక్కని విడదీసి, పన్నెండు దాటాక ఒక నిమిషం, ఐదున్నరకి ముందొక నిమిషం, తర్వాతొక నిమిషం, మార్చి 31 అర్ధరాత్రి, ఇలా అరడజను టైములిచ్చి యూనిట్ టెస్టు రాయమను మీ డెవలపర్ని. బ్రౌజర్ తెరవక్కర్లేదు, రెప్పపాటులో అయిపోతుంది. మైక్ కోన్ పిరమిడ్ అని పాఠాల్లో చెప్తారే, అడుగున చిన్న టెస్టులు ఎక్కువ, పైన స్క్రీన్ టెస్టులు తక్కువ అని, అది ఇందుకే.

మీ పాత స్క్రీన్ టెస్టు మాత్రం తీసెయ్యకండి. రెండున్నరకే నడవనివ్వండి. ఎవరో ఏ టైమో ఆలోచించకుండా పెట్టుంటారు, అదే మనకి కలిసొచ్చింది.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | గురువారం 3:20

ఆ ఎవరో నేనే అక్కా. కరెంటు బాగుండే టైమని పెట్టా. 🙈

వెయిట్ మళ్లీ పదికి తగ్గించేశా.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | శనివారం ఉదయం 7:50

నిన్న సాయంత్రం మార్పు లైవ్‌లోకి వెళ్లింది. రాత్రి రెండున్నరకి యాభైకి యాభై పచ్చ. మా డెవలపర్ వచ్చి "ఆ టెస్టు మూడ్ బాగుందా" అని అడిగి టీ ఇప్పించాడు, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర.

కాశీబుగ్గ తమ్ముడూ, మీ నాన్నగారిని రేపు లారీ వచ్చినప్పుడు నాలుగింటికే ఒక బిల్లు వేసి చూడమను. కనపడకపోతే నా నంబరుకే చెయ్యమను, ఎన్నింటికైనా సరే. ప్రైవేటుగా పంపా.

కాశీబుగ్గ_కుర్రోడు | పలాస కాశీబుగ్గ | ఆదివారం ఉదయం 8:10

చెప్పినానన్నా. నాలుగూ పదికి లారీ వచ్చీసింది. బిల్లేశాడు, కనబడ్డాది. అయినా పక్కనే చీటీ మీద కూడా రాసుకున్నాడు. ఎందుకు నాన్నా అంటే "ఓ నెల సూద్దాం" అన్నాడు.